నాలుక మీది నీలం

సైరన్ మోగగానే ఆడవాళ్ళు చేతి తొడుగులు తీసి డబ్బాలో పడేసి, గోడ వెంబడి వరుసగా నిలబడ్డారు. తలుపు దగ్గర బల్ల పక్కన మానస చిన్న టార్చి పట్టుకుని నిలబడింది. ఒక్కొక్కరే వచ్చి మాస్కు గడ్డం కిందికి లాగి, నోరు తెరిచి, నాలుక బయటపెట్టారు. మానస వెలుగు వేసి చూసింది.

“సరే, వెళ్ళండి.”

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ షెడ్డులో రోజూ సాయంత్రం ఇదే తంతు. విదేశాల నుంచి అట్టపెట్టెల్లో వచ్చిన ఎండు బెర్రీలను స్టీలు బల్లల మీద పోసి, పుల్లలూ ముద్దకట్టినవీ ఏరి, తూచి, పౌచుల్లో నింపి సీలు వేయడం అక్కడి పని. క్రాన్‌బెర్రీ నమిలితే నాలుక ఎర్రబడుతుంది. బ్లూబెర్రీ నమిలితే నీలమవుతుంది. కొంగులూ సంచులూ వెతకడం దేనికి, నాలుక చూస్తే చాలదా అని మేనేజరు బుచ్చిబాబు పెట్టిన పద్ధతి ఇది. ఫుడ్ టెక్నాలజీలో బీయస్సీ చేసిన మానసకు క్వాలిటీ అసిస్టెంటు ఉద్యోగం ఇచ్చినప్పుడు, ఈ పని కూడా అందులోనే ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఆమెకు అక్కడి వాళ్ళ పేర్ల కంటే ముందు నాలుకలు తెలిశాయి. ఎవరు పొద్దున ఏమీ తినకుండా వచ్చారో, ఎవరికి వేడి చేసిందో, ఎవరు చాటుగా తంబాకు వేసుకుంటారో చెప్పగలదు. కానీ ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. నోట్లోకి టార్చి వేసి చూసే మనిషితో ఎవరు కబుర్లాడతారు? ఆఫీసు గదిలోని వాళ్ళకు ఆమె షెడ్డు మనిషి, షెడ్డులోని వాళ్ళకు ఆఫీసు మనిషి. మధ్యాహ్నం అందరూ గుండ్రంగా కూర్చుని కూరలు మార్చుకుంటుంటే, ఆమె నీళ్ళ డ్రమ్ము పక్కన సిమెంటు గట్టు మీద తన డబ్బా విప్పుకునేది.

ఆ గట్టు దగ్గరికి మొదట వచ్చింది శారదమ్మ. ట్యూబులైటు కింద చివరి బల్ల ఆమెది. ఒక్కో గుప్పెడూ ముక్కు దాకా ఎత్తి చూసి ఏరుతుంది. చెయ్యి నిదానం. “శారదక్క పండ్లకు ముద్దులు పెడుతున్నది” అని దుర్గమ్మ నవ్వించినప్పుడల్లా తల వంచుకుంటుంది. కొత్త కరపత్రాల కట్టలు వచ్చిన రోజు ఆమె డబ్బా తెచ్చుకుని మానస పక్కన కూర్చుంది.

“మేడం, గా కాయితంల ఏం రాసిన్రు?”

ఆ కరపత్రం మానస రాసిందే. ఎండు బెర్రీల్లో పీచు ఉంటుందని, యాంటీఆక్సిడెంట్లు ఉంటాయని, అవి కణాలు దెబ్బతినకుండా కాపాడతాయని రాసి తీసుకువెళితే బుచ్చిబాబు పెదవి విరిచాడు.

“కణాల కోసం ఎవరు కొంటారమ్మా? కళ్ళ కోసం కొంటారు. పొద్దస్తమానం ఫోన్లే చూస్తున్నారు జనం. కంటిచూపు మెరుగవుతుందని రాయి.”

“అది అంత గట్టిగా తేలలేదు సార్.”

“తేలలేదంటే అబద్ధమని కూడా తేలలేదుగా. కింద చిన్న అక్షరాల్లో ‘సమతుల ఆహారంలో భాగంగా’ అని పెట్టు, సరిపోతుంది.”

‘రోజుకు పిడికెడు బ్లూబెర్రీలు, కంటికి వెలుగు’ అని రాసింది మానస. రాశాక ఆ వాక్యం ఆమెకే నచ్చింది. రంగుల్లో అచ్చయి వచ్చాక ఫొటో తీసి భర్త ఉపేందర్‌కు పంపింది. మళ్ళీ మళ్ళీ తీసి చూసుకుంది. ఇప్పుడు ఒక మనిషి చదవమని అడుగుతుంటే, ముద్ద పక్కన పెట్టి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది.

“పిడికెడంటే ఎవలి పిడికెడు?” అంది శారదమ్మ. “మా ఆయన పిడికిలైతే సోలెడు వడుతుండె.”

“మీ పిడికెడే.”

శారదమ్మ పిడికిలి మూసి మొహం దగ్గర పెట్టుకుని చూసుకుంది. “కంటికి నిజంగ మంచిదేనా?”

మానసకు అప్పుడు బుచ్చిబాబు గుర్తుకు రాకపోలేదు. కానీ అటు చూస్తే దుర్గమ్మ వాళ్ళు గుండ్రంగా కూర్చుని నవ్వుతున్నారు, ఇటు తన పక్కన కూడా ఇవాళ ఒక మనిషి ఉంది. ఆ మాట తెగిపోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

“మంచిదే” అంది.

ఆనాటి నుంచి శారదమ్మ రోజూ గట్టు దగ్గరికే వస్తోంది. మేడం అనడం మానేసి బిడ్డా అంటోంది.

*

ఆషాఢం వచ్చింది. మానసకు పెళ్ళయ్యాక ఇది మొదటి ఆషాఢం. కొత్త కోడలు జనగామలోని పుట్టింటికి వెళ్ళాలి. ఉద్యోగంలో చేరి రెండు నెలలు కాలేదు, నెల రోజులు సెలవంటే మళ్ళీ రానక్కర్లేదంటారు. అత్తగారు ఫోనులో బాగా ఆలోచించి తీర్పు చెప్పింది. “పిల్ల పోకుంటే పిలగాన్నే పంపుతం. మాసం ఎల్లేదాకా ఒకల మొఖం ఒకలు చూడొద్దు.” అలా ఉపేందర్ రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని చెంగిచెర్లలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. చిలకానగర్‌లో మొదటి అంతస్తు మీది రెండు గదులూ మానసకు మిగిలాయి.

ఒక్కదాని కోసం అన్నం వండటం ఆమెకు చేతకాలేదు. ఎంత తగ్గించి పోసినా మిగిలేది. అతని లుంగీ ఇంకా తలుపు వెనకాల మేకుకే ఉంది. ఫ్యాను గాలికి అది కదిలినప్పుడల్లా తల తిప్పి చూసేది.

ఆదివారం సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో స్కైవాక్ ఎక్కింది. చుట్టూ గుండ్రంగా తిరిగే ఆ నడక వంతెన మీద, వరంగల్ రోడ్డు వైపు కటకటాల దగ్గర ఉపేందర్ ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. మానస వెళ్ళి పక్కన నిలబడింది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు. ఆషాఢం నియమం తప్పకుండా ఉండేందుకు ఉపేందర్ కనిపెట్టిన ఉపాయం ఇది.

“మొఖం చూస్తలేవు గదా?” అన్నాడు.

“లేదు బావా. బస్సులు చూస్తున్న.”

“ఏ బస్సు బాగున్నది?”

“నీలం చొక్కా వేసుకున్నది.”

అతను నవ్వు ఆపుకోలేక కటకటాలు పట్టుకుని వంగాడు. సంచిలోంచి కాగితం పొట్లం తీసి పక్కకు జరిపాడు. కింద బండి మీద కొన్న నేరేడు పళ్ళు. కాస్త ఉప్పు కూడా చల్లి ఉంది. ఒక్కో పండూ నాలుక మీద వగరుగా మొదలై తియ్యగా కరిగింది. అన్ని బస్సులూ అన్ని హారన్లూ కింద పోతుంటే, ఆమె మోచేయి అతని మోచేతికి ఆనుకుని ఉంది. లోకంలో అంతకు మించి ఏమీ అక్కర్లేదనిపించింది.

“ఏదీ, నాలుక చూపియ్యి. మొఖం చూడొద్దన్నది గని మా అమ్మ నాలుక చూడొద్దనలే.”

ఇద్దరూ రోడ్డు వైపు తిరిగే నాలుకలు బయటపెట్టారు. ఉపేందర్ ఫోను ఎత్తి ఫొటో తీశాడు. తెర మీద రెండు నాలుకలు, రెండూ కారునీలం.

“మా అక్క చూసిందంటే దొరికిపోతం. నీ లెక్కనే ఆమె కూడా తలుపు కాడ నిలవడ్తది.”

చీకటి పడకముందే అతను బస్సు ఎక్కాడు. మిగిలిన పళ్ళు మానస ఇంటికి తెచ్చి స్టీలు డబ్బాలో పెట్టుకుంది. ఒక్కతే తినబుద్ధి కాలేదు.

*

‘బయటి పళ్ళు లోపలికి తేరాదు’ అన్న కాగితం షెడ్డు గోడకు అంటించింది మానసే. సోమవారం మధ్యాహ్నం ఆ గోడకు అవతల, గట్టు మీద, ఆమె డబ్బా మూత తీసింది.

“అబ్బ, నేరేడుపండ్లు” అంది శారదమ్మ. డబ్బా మీదికి వంగి, వాసన చూసి, తడిమి ఒకటి తీసుకుంది. “ఎవలు తెచ్చిన్రు? మొఖం చూడొద్దన్న ఆయనేనా?”

మానసకు చెవులు వేడెక్కాయి. తినమని డబ్బా అటు జరిపింది. శారదమ్మ గింజలను అరచేతిలో ఉమ్మి గోడ వారకు విసిరింది. ఎప్పటిదో ఒక పాట అందుకుని, మధ్యలో మరిచిపోయి, తనే నవ్వింది. డబ్బా ఖాళీ అయ్యేసరికి సైరన్ మోగింది.

సాయంత్రం తలుపు దగ్గర బుచ్చిబాబు కూడా నిలబడి ఉన్నాడు. “బ్లూబెర్రీ తూకం రోజూ కాస్త తగ్గుతోంది. ఇవాళ నేనూ చూస్తాను” అన్నాడు.

దుర్గమ్మ వచ్చింది, వెళ్ళింది. తర్వాత ఇంకో ఇద్దరు. శారదమ్మ మాస్కు లాగి నోరు తెరిచింది. మానస టార్చి వేసింది.

నాలుక నీలంగా ఉంది. అంచుల్లో ఊదాగా, నడుమ నల్లగా.

“ఇదేంటి?” అన్నాడు బుచ్చిబాబు.

“నేరేడుపండ్లు సార్.”

“నేరేడు పళ్ళు ఎక్కడివి?”

శారదమ్మ మానస వైపు చూడలేదు. “తొవ్వల కొనుక్కున్న.”

“నేరేడు పండో బ్లూబెర్రీనో నాలుక చెప్పదు కదమ్మా. తెలిసినదానివి, పెద్దదానివి. పళ్ళు తేవొద్దని గోడ మీద పెట్టాం. రేపట్నుంచి రావద్దు.”

వరుసలో ఉన్నవాళ్ళు కదలలేదు. మానస చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. మాస్కు లోపల ఆమె నోరు తెరుచుకుంది. తన నాలుక కూడా అదే రంగులో ఉందని ఆమెకు తెలుసు. ఒక్కసారి మాస్కు కిందికి లాగితే చాలు. కానీ ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి కారణం ఉండదు. మర్నాడే జనగామ బస్సు ఎక్కిస్తారు. స్కైవాక్ ఉండదు, మోచేయి ఉండదు. ఆమె పెదవులు మళ్ళీ మూసుకున్నాయి.

శారదమ్మ వల టోపీ తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది. దానికి రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉంటే అవి కూడా తీసి పారేసింది. బయటికి వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, కాలితో తడిమి చూసుకుని దాటింది.

“తర్వాతివాళ్ళు రండి” అన్నాడు బుచ్చిబాబు.

*

ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే రంగు ఇంకా వదల్లేదు. వేలికి ఉప్పు అద్దుకుని నాలుక మీద రుద్దింది. మంట పుట్టింది తప్ప రంగు పోలేదు. ఉపేందర్‌కు ఫోను చేస్తే తీయలేదు. రాత్రి షిఫ్టుకు వెళ్ళి ఉంటాడు. కింది వాటాలో ఎవరో గోరింటాకు రుబ్బుతున్నారు. పిల్లల అరుపులూ పచ్చి వాసనా మెట్లెక్కి వస్తున్నాయి. “నీకూ పెడత, రా పిల్లా” అని ఇంటావిడ పిలిచింది. తలనొప్పి అని చెప్పి తలుపు దగ్గరగా వేసుకుంది.

మంగళవారం చివరి బల్ల దగ్గర స్టూలు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం గట్టు మీద ఆమె ఒక్కతే కూర్చుంది. నేల మీద నేరేడు గింజలు చీమలు పట్టి ఉన్నాయి. దుర్గమ్మ నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వచ్చి చెంబు ముంచుతూ, ఆమెను కాకుండా నీళ్ళను చూస్తూ అంది.

“పండ్లు శారదక్క ఒక్కతే తిన్నదా ఏంది? గింజలు శాన ఉన్నయి ఇక్కడ.”

మానస డబ్బా మూత పెట్టేసింది. దుర్గమ్మ చెంబు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం స్కైవాక్ మీద రోడ్డు వైపు చూస్తూ జరిగిందంతా చెప్పింది.

“చెప్తే నిన్ను పంపించేస్తరు” అన్నాడు ఉపేందర్.

“ఆఁ.”

“నువ్వు జనగామ పోతే, నేనొక్కన్నే ఈడ నిలవడి ఎవల మొఖం చూడకుండ ఉండాలె?”

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. అతనూ నవ్వలేదు. కాసేపటికి, “చెప్పకుంటే మాత్రం ఈడ నిలవడి నవ్వుతమా మనం?” అన్నాడు. కింద సిగ్నల్ పడింది. బస్సులు ఆగి, మళ్ళీ కదిలాయి.

*

బుధవారం పొద్దున మానస షేర్ ఆటో ఎక్కేముందు బండి దగ్గర నేరేడు పళ్ళు కొంది. ఆటోలో పోతున్నంతసేపూ తింటూనే ఉంది. పక్కనున్న ముసలాయన “గొంతు పట్టుకుంటది తల్లీ” అన్నా ఆపలేదు. రుచి తెలియలేదు. షెడ్డులోకి కాకుండా నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్ళి, బుచ్చిబాబు ఎదుట మాస్కు తీసి నాలుక బయటపెట్టింది.

ఆయన ఫైలు మూసి కుర్చీ వెనక్కి జరిపాడు. “ఏంటమ్మా ఇది?”

“నేరేడో బ్లూబెర్రీనో చెప్పండి సార్.”

“నాకేం తెలుసు?”

“సోమవారం కూడా ఇట్లనే ఉండె. ఆ పండ్లు నేనే తెచ్చిన, ఇద్దరం తిన్నం. ఆమె నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.”

బుచ్చిబాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని మళ్ళీ ఆమెను చూశాడు. “అందరి నాలుకలూ చూసే మనిషి నాలుక చూసేవాళ్ళే లేరన్నమాట ఇక్కడ” అన్నాడు. ఆయనకు కోపం కంటే విసుగే ఎక్కువగా ఉన్నట్టుంది. “నువ్వు అప్పుడే చెప్పుంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. సరే, ఆవిణ్ణి సోమవారం నుంచి రమ్మను. నువ్వు మాత్రం ఇక టార్చి ముట్టుకోవద్దు. దుర్గమ్మ చూస్తుంది. నువ్వు పౌచుల బల్ల దగ్గర కూర్చో.”

పంపించెయ్యలేదు. ఆమె మాస్కు మళ్ళీ పెట్టుకుని పౌచుల బల్ల వైపు నడిచింది.

ఆ సాయంత్రం మానస కూడా గోడ వెంబడి వరుసలో నిలబడింది. ముందున్నావిడ కొంచెం జరిగి చోటిచ్చింది. టార్చి పట్టుకున్న దుర్గమ్మ, ఆమె నోరు తెరిచేసరికి వెలుగు వేసి తీరిగ్గా చూసింది. పొద్దుటి రంగు ఇంకా ఉంది.

“మస్తుగ తిన్నట్టున్నవు” అంది దుర్గమ్మ. తర్వాత, “సరే, ఎల్లు.”

*

శారదమ్మ గది మానస ఇంటికి నాలుగు సందుల అవతలే ఉంది. ఆ సాయంత్రమే అడిగి కనుక్కుని వెళ్ళేదాకా ఇంత దగ్గరని ఆమెకు తెలియదు. తలుపు తీసే ఉంది. శారదమ్మ మంచం మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. కళ్ళు చాటలో లేవు, గోడ మీద ఉన్నాయి. వేళ్ళే వెతుకుతున్నాయి.

“ఎవలు?” అంది. మానస గుమ్మంలో, సాయంత్రపు ఎండలో నిలబడి ఉంది.

“నేను. మానసను.”

“నువ్వా బిడ్డా. రా, కూసో.”

మానస నిలబడే గబగబా చెప్పేసింది. పళ్ళు తనవని సార్‌కు చెప్పానని, తప్పంతా తనదని, సోమవారం నుంచి పనికి రమ్మన్నారని. శారదమ్మ చాట పక్కన పెట్టింది. సంతోషపడుతుందని మానస ఎదురు చూసింది. ఆమె మొహంలో సంతోషం కనబడలేదు.

“నా కోసం పోయి చెప్పినవా?”

“ముందే చెప్పాల్సింది.”

“ముందు కూసో నువ్వు.” మంచం మీద చోటు తడిమి చూపించింది. “తూకం తగ్గుతుందన్నడు గదా సారు. అబద్ధం కాదు బిడ్డా. నేను తిన్ననే.”

మానస ఆమె మొహంలోకి చూసింది.

“నీ పండ్లు తిన్ననాడు తినలే. అంతకుముందు, రోజూ. సైరన్ కొట్టే ముంగట మాస్కు కిందికెల్లి ఏసుకునేదాన్ని. నమిలితే రంగు వడ్తదని మాత్ర లెక్క మింగేదాన్ని. పిడికెడు. నువ్వు చెప్పినట్టే, నా పిడికెడు.” పిడికిలి మూసి తెరిచింది. “తిన్నన్ని దినాలు నాలుక తెల్లగనే ఉండె. తినకుండ ఉన్ననాడు దొరికిన.”

చిన్నగా నవ్వింది కూడా. మానసకు నవ్వు రాలేదు.

“ఎందుకు తిన్నరు?”

శారదమ్మ చెయ్యి గోడ మీదికి పోయింది. క్యాలెండరు పక్కన అన్నం మెతుకులతో అంటించిన కరపత్రం ఉంది. రంగుల్లో బ్లూబెర్రీల గుత్తి, కింద మానస రాసిన వాక్యం.

“ఏడాది సంది మబ్బు కమ్మినట్టున్నది. పుల్ల ఏదో పండు ఏదో ముక్కు దాక తెస్తే గని తెలుస్తలేదు. దవాఖానకు పోతే ఆపరేషనంటరు. ఆపరేషనంటే సెలవు. కండ్లు కనవడతలేవని తెలిస్తే ఆ బల్ల కాడ ఎవలు కూసోనిస్తరు? నువ్వేమో పండ్లు తింటే సాలన్నవు. సదువుకున్నదానివి, కాయితంల అచ్చేసినవు. నేను అడిగిన కూడా.”

అడిగింది. మంచిదే అని తను చెప్పింది. ఆ ‘మంచిదే’ అన్న మాట నోట్లో ఎంత తేలిగ్గా తిరిగిందో మానసకు ఇప్పుడు గుర్తొచ్చింది.

“కొంచెం నయమైందా?” అని అడిగింది.

“అయినట్టే అనిపిస్తది పొద్దున. మధ్యాహ్నానికి మళ్ళ అంతే.”

“కాదు పెద్దమ్మా. అవి తింటే కండ్లు రావు. ఆ పండ్లు చెడ్డవి కావు, ఒంటికి మంచివే. కానీ ఇట్ల మబ్బు కమ్మితే వాటితోని పోదు. అది నాకు తెలుసు.”

“తెలుసా?”

“తెలుసు.”

శారదమ్మ ఆమె మొహం ఉన్న వైపు తిరిగింది. కళ్ళ నడుమ పాలు కలిపిన నీళ్ళలా తెల్లదనం. రోజూ నోట్లోకి టార్చి వేసి చూసిన మనిషికి అది ఒక్కనాడూ కనబడలేదు.

“మరెందుకు రాసినవు బిడ్డా?”

సందులో సైకిల్ మీద ఉప్పు అమ్ముకునేవాడు అరుస్తూ పోయాడు. మానస చాట ఒళ్ళోకి తీసుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. రెండు రాళ్ళు దొరికాయి. శారదమ్మ వద్దనలేదు.

*

గురువారం పొద్దున ఆమె బుచ్చిబాబును కలిసి ఆ వాక్యం తీసెయ్యాలంది. “కట్టలు కట్టలు అచ్చయి ఉన్నాయమ్మా, తర్వాతి అచ్చులో చూద్దాం” అన్నాడు ఆయన తల ఎత్తకుండానే.

పౌచుల బల్ల దగ్గర పని తేలికే. కొలత డబ్బాతో బ్లూబెర్రీలు పోయాలి, పైన ఒక కరపత్రం మడిచి పెట్టాలి, సీలు యంత్రం వైపు జరపాలి. మానస పోసింది, జరిపింది. కరపత్రాన్ని బల్ల కిందికి వదిలింది. తర్వాతి పౌచుకూ అంతే. మధ్యాహ్నానికి కాళ్ళ దగ్గర కుప్ప పెరిగింది. దుర్గమ్మ అటు వచ్చి ఆగింది.

“ఏంది గదంత?”

“పనికిరాని కాగితాలు.”

దుర్గమ్మ కుప్పను చూసింది, ఆమెను చూసింది. కుప్ప అంచు బయటికి కనబడుతోంది. చెప్పు తీసి, కాలితో దాన్ని ఇంకా లోపలికి నెట్టి పోయింది. అన్నం వేళకు గట్టు మీద కూర్చున్న మానసకు దూరం నుంచే కేక వేసింది. “ఈడికి రా. ఒక్కదానివి గోడకు చెప్తున్నవా కబుర్లు?”

మానస డబ్బా ఎత్తుకుని వెళ్ళింది. వాళ్ళు జరిగి చోటిచ్చారు. ఎవరో గోంగూర వేశారు. మాటల మధ్య నవ్వులు వచ్చాయి, కొన్ని ఆమెకు అర్థం కాలేదు. గుండ్రంగా కూర్చున్న అందరి మధ్యలోంచి గట్టు కనబడుతోంది. అక్కడ ఇద్దరూ లేరు.

*

శనివారం సెలవు పెట్టి శారదమ్మను ఉప్పల్‌లో కంటి దవాఖానాకు తీసుకువెళ్ళింది. చీటీ రాయించి, బెంచీ మీద కూర్చున్నారు. నర్సు వచ్చి కళ్ళలో చుక్కలు వేసి మూసుకోమంది. మూసిన కళ్ళతోనే శారదమ్మ మాట్లాడింది.

“సారుకు చెప్తవా, నేను తిన్నట్టు?”

“చెప్పను.”

“కాయితం సంగతి?”

“సోమవారం మళ్ళీ అడుగుత. తీసెయ్యకుంటే ఆ బల్ల కాడ కూర్చోను.”

“ముందు నా కన్ను కానియ్యి. కొట్లాట తర్వాత.”

లోపల డాక్టరమ్మ టార్చి తీసి శారదమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తింది. “పెద్దగా తెరవమ్మా” అంది. శారదమ్మ అలవాటుగా నోరు తెరిచింది. డాక్టరమ్మ ఆగిపోయింది. “నోరు కాదమ్మా, కళ్ళు.” మానస గోడ వైపు తిరిగింది.

మోతిబిందు అని, శుక్లం రెండు కళ్ళలోనూ ముదిరిందని, మందులతో తిండితో పోయేది కాదని, ఒక కంటి తర్వాత ఇంకో కంటికి ఆపరేషన్ చేస్తే చూపు బాగా వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. పండ్ల సంగతి శారదమ్మ అడగలేదు. ఆపరేషన్‌కు వచ్చే వారం రమ్మన్నారు.

బయటికి వస్తే ఎండ. మందు చుక్కలకు కళ్ళు పెద్దవై, వెలుగు భరించలేక శారదమ్మ కొంగు నుదుటి మీదికి లాక్కుంది. రోడ్డు దాటడానికి స్కైవాక్ ఎక్కారు. మెట్ల కింద బండి మీద నేరేడు పళ్ళు ఉంటే మానస కొంది. వరంగల్ రోడ్డు వైపు కటకటాల దగ్గర, ఉపేందర్‌తో తను నిలబడే చోటే, శారదమ్మను నిలబెట్టి పొట్లం విప్పింది.

ఇద్దరూ తిన్నారు. ఈసారి శారదమ్మ నమిలి, గింజ చప్పరించి, మెల్లగా తింది. కింద బస్సుల చప్పుడు తప్ప ఆమెకేమీ తెలుస్తున్నట్టు లేదు. ఉపేందర్ ఈ వేళకు చెంగిచెర్లలో నిద్ర లేచి ఉంటాడు. ఆషాఢం ఇంకా సగం కూడా కాలేదు. ఇంట్లో లుంగీ మేకుకే ఉంటుంది.

“ఇగ పోత బిడ్డా. మెట్లు దిగితే నా తొవ్వ నాకెరికే” అంది శారదమ్మ. కదలబోయి ఆగింది. “ఏదీ, నువ్వు చూపియ్యి.”

“ఏం?”

“నాలుక.”

మానస అటూ ఇటూ చూసింది. జనం పోతూనే ఉన్నారు. ఆమె నోరు తెరిచి నాలుక బయటపెట్టింది. శారదమ్మ దగ్గరికి వచ్చి, రెండు చేతులతో ఆమె చెంపలు పట్టుకుని, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది. మందుకు విప్పారిన కళ్ళు చాలాసేపు వెతికాయి.

“నాకేం కనవడతలేదు” అంది చివరికి. చెంపలు వదిలి, మానస షెడ్డులో అనే గొంతుతోనే, అంతే పొడిగా, “సరే, వెళ్ళండి” అంది.

కటకటాలు తడుముకుంటూ మెట్ల వైపు నడిచింది. మానస నోరు మూసుకోవడం మరిచిపోయి, ఆమె కింది మెట్టు దాటేదాకా చూస్తూ నిలబడింది.